విశాఖలో సాయం కోసం తిరిగేవాళ్లకి: సచివాలయమా, ఫోనా, ఆర్డీఓ ఆఫీసా?

మా పిన్ని దగ్గర ఒక బట్టల షాపు కవరు ఉంటుంది. అందులో ఆరు ఆధార్ జిరాక్సులు, రైస్ కార్డు, బాబాయ్ డెత్ సర్టిఫికెట్, రబ్బరు బ్యాండు చుట్టిన పాస్‌పోర్టు ఫొటోలు, అడుగున ఇంటి దస్తావేజు. ఒక ఎండాకాలం ఆ కవరు పట్టుకుని మేమిద్దరం వార్డు సచివాలయానికి నాలుగుసార్లు తిరిగాం. ఇల్లు కొడుకు పేరు మీద రాసిచ్చింది, రాసిన ఆర్నెల్లకే అన్నం దగ్గర లెక్కలు మొదలయ్యాయి, మందులకు డబ్బులడిగితే విసుగు, చివరికి వంటింటికి తాళం. వెళ్లిన ప్రతిసారీ అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కుర్చీ వేసింది, అర్జీ తీసుకుంది, పైకి పంపిస్తానంది. పంపించింది కూడా. ఏమీ కాలేదు. తర్వాత తెలిసిందేంటంటే తప్పు ఆ అమ్మాయిది కాదు, అసలు అది ఆమె సంతకంతో అయ్యే పనే కాదు. ఆర్డీఓ సంతకం పెట్టాల్సిన పని.

అప్పటి నుంచి ఎవరైనా "ఫలానా కష్టం వచ్చింది, ఎక్కడికెళ్లాలి" అని అడిగితే నేను పథకం పేరు చెప్పడం మానేశాను. ఈ పని ఎవరి సంతకంతో అవుతుంది అనేది ముందు చూస్తాను. పథకాల పేర్లు ప్రభుత్వం మారితే మారిపోతాయి, సంతకాలు చట్టంలో ఉంటాయి కాబట్టి అంత తొందరగా మారవు.

నా లెక్క ఇదీ. ఒంటి మీదకో ప్రాణం మీదకో వచ్చిందంటే ఫోన్. నెలనెలా రావాల్సిన డబ్బు, సరుకు, కార్డు, సర్టిఫికెట్ అయితే సచివాలయం, అంగన్‌వాడీ. ఎదుటి మనిషి చేత ఏదైనా చేయించాలి, లేదా ఆపించాలి, పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలో తేల్చాలి అంటే మాత్రం ఆర్డరు రాసే అధికారం ఉన్నవాళ్ల దగ్గరికే పోవాలి. మనవాళ్లు ఈ మూడో రకం పనికి మొదటి రెండు గడపల దగ్గరే చెప్పులు అరగదీసుకుంటారు. మేమూ అదే చేశాం.

ముందు మీది ఏ జిల్లానో చూసుకోండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ దీనివల్ల రోజంతా పోతుంది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా. జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ, మాత్రం 98 వార్డులతో అలాగే ఉంది. అంటే అనకాపల్లి టౌన్‌లో ఉన్నవాళ్లు ఇంటిపన్ను జీవీఎంసీకి కడతారు, కలెక్టరేట్, పిల్లల సంక్షేమ ఆఫీసులు మాత్రం అనకాపల్లి జిల్లావి. గాజువాక, పెందుర్తి, భీమిలి వాళ్లకు ఈ బాధ లేదు, విశాఖ జిల్లానే. విశాఖ జిల్లాలో మళ్లీ రెండు రెవెన్యూ డివిజన్లు, విశాఖపట్నం, భీమునిపట్నం. మధురవాడ వైపు వాళ్లు "మేం సిటీయే కదా" అని విశాఖ ఆర్డీఓ ఆఫీసుకి వెళ్తారు, వాళ్లది భీమిలి డివిజను. మండలం పేరు చెప్పి కనుక్కుని బయల్దేరండి, బస్సు ఛార్జీ మిగులుతుంది.

ఫోన్ నంబర్లలో ఏది

112 అంటే పోలీసు, ఫైరు, అంబులెన్సు, ఏ ఎమర్జెన్సీకైనా. 1098 పిల్లలకి. 181 ఆడవాళ్లకి. 14567 పెద్దవాళ్లకి, ఇది పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకానే పలుకుతుంది, మిగతా మూడూ రాత్రీ పగలూ ఉంటాయి. ఇప్పుడే, ఈ నిమిషంలోనే కొడుతున్నాడంటే ఆలోచించకుండా 112, ఆ తర్వాతే మిగతావి. 181కి చేస్తే మాట్లాడతారు, దారి చెప్తారు, అవసరమైతే మనిషిని సెంటర్‌కి చేరుస్తారు. తలుపు బయట నిలబడి బాదుతున్నవాడిని ఆపడానికి మాత్రం పోలీసు బండే రావాలి.

1098 గురించి ఒక్క మాట. ఇది అనాథ పిల్లలకే అనుకుంటారు చాలామంది. కాదు. లారీ షెడ్డులో పని చేస్తున్న పన్నెండేళ్ల పిల్లాడు, పెళ్లి కుదిర్చిన పదో తరగతి పిల్ల, పక్క ఫ్లాట్‌లో రోజూ దెబ్బలు తినే పనిపిల్ల, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒంటరిగా కనిపించిన పిల్లాడు, అందరికీ అదే నంబరు. చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. ఒకప్పుడు స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతూ 112తో కలిపింది. పిల్లల మీద లైంగిక దాడి సంగతైతే ఇక మనకు ఎంపిక అంటూ లేదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. "పరువు పోతుంది, ఇంట్లోనే సర్దుకుందాం" అనే పెద్దమనుషులకి ఈ ముక్క గట్టిగా వినిపించండి.

సచివాలయం, వాట్సాప్, సోమవారం కలెక్టరేట్

2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాలు వచ్చాక ఒకందుకు బాగుపడ్డాం. వార్డులోనే సంక్షేమానికి ఒకరు, ఆరోగ్యానికి ఒకరు, రెవెన్యూకి ఒకరు, ఆడపిల్లల భద్రతకు మహిళా పోలీసు ఒకరు కూర్చుంటున్నారు. పింఛను, ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డులో పేరు మార్పు వంటివాటికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. అదే ఇంటి గొడవ తీసుకెళ్తే మహిళా పోలీసు మాట్లాడి చూస్తుంది, మంచిగా చెప్తుంది, స్టేషన్‌కి తోడు వస్తుంది, అంతవరకే. ఎఫ్ఐఆర్ రాసేది స్టేషన్.

2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలకి మన మిత్ర వాట్సాప్ ఉంది, 95523 00009. సర్టిఫికెట్లకి, కరెంటు బిల్లుకి, అర్జీ ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి హాయిగా ఉంటుంది, క్యూ ఉండదు. ఫోన్ వాడకం తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే సర్టిఫికెట్ల పని దాంట్లోనే కానివ్వండి. మనిషి గోడు చెప్పుకోవాల్సిన పనికి మాత్రం అది పనికిరాదు, అక్కడ నంబర్లు నొక్కడమే ఉంటుంది.

సోమవారం సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక మూడోది. 1100కి ఫోన్ చేసి కూడా అర్జీ పెట్టొచ్చు. నా మాట వింటే దీన్ని మొదటి గడప చేసుకోకండి. అక్కడ ఇచ్చిన అర్జీ చివరికి ఏ శాఖ పనైతే ఆ శాఖకే వస్తుంది. ఆ శాఖలో ముందే అర్జీ పెట్టి, రసీదు ఉండి, వాళ్లు కదలకపోతే అప్పుడు ఆ రసీదు జిరాక్సు జతచేసి ఇవ్వండి, అప్పుడు దానికి పదును ఉంటుంది. ఒక కాగితంలో ఒకే విషయం. పింఛను, కాలువ, పక్కింటి గోడ మూడూ కలిపి రాస్తే మూడు శాఖలూ "మాది కాదు" అంటాయి.

పెద్దవాళ్ల సంగతి

ఇక్కడ మూడు దారులు కలగలిసిపోతాయి: పింఛను, కొడుకుల నుంచి మనోవర్తి, వృద్ధాశ్రమం. చాలా ఇళ్లలో మూడోదాంతో మొదలుపెడతారు, అదే పొరపాటు.

పింఛను సులువైనది. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. మా పిన్నికి వితంతు పింఛను ఉంది, ముప్పై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లకి ముద్ర పడదు, సచివాలయం కుర్రాడు మిషను మీద బొటనవేలు అటు తిప్పి ఇటు తిప్పి, కొంగుతో తుడవమని, కొబ్బరినూనె రాయమని, చివరికి మొహం ఫొటో తీసి ఇస్తాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లకీ ఇలాగే అయితే "వేలిముద్ర పడలేదు, వచ్చే నెల చూద్దాం" అంటే ఒప్పుకోకండి, వేరే పద్ధతి ఉంది. కొత్తగా పింఛను పెట్టుకునేవాళ్లకు అడ్డం పడేది తరచుగా వయసు కాదు, ఇంటి మ్యాపింగు. కొడుకు కుటుంబం, తల్లి ఒకే ఇంటి కింద నమోదై ఉంటే కొడుకు కారు, కొడుకు కరెంటు బిల్లు, కొడుకు ప్రభుత్వ ఉద్యోగం తల్లి పింఛన్ని ఆపేస్తాయి. టాక్సీ, ఆటో, ట్రాక్టరు లెక్కలోకి రావు, సొంత కారు వస్తుంది. దరఖాస్తు కన్నా ముందు ఆ మ్యాపింగు ఎలా ఉందో అడగండి.

మనోవర్తి రెండోది, జనానికి సరిగా తెలియనిది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీఓ ట్రైబ్యునల్‌గా కూర్చుంటారు. తెల్లకాగితం మీద అర్జీ చాలు, లాయరు అక్కర్లేదు సరికదా ఆ చట్టం లాయర్లని రానివ్వదు కూడా. నెలకు 10,000 దాకా ఇప్పించొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మహా అయితే ఇంకో 30 రోజులు. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువు మీద అడగొచ్చు. సివిల్ కోర్టుతో పోల్చుకుంటే ఇది నయమా అంటే, అన్నం, మందులు, నెల ఖర్చు, ఇంట్లో చోటు, ఇవైతే నూటికి నూరుపాళ్లు ఇదే నయం. అన్నదమ్ముల వాటాల తగాదా అయితే ఇక్కడ తేలదు, దానికి కోర్టే.

రాసిచ్చిన ఇంటి సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ చట్టంలో 23వ సెక్షను ఉంది. తనని చూసుకోవాలనే షరతు మీద పెద్దవాళ్లు ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రైబ్యునల్ ప్రకటించొచ్చు. ఇల్లు ఖాళీ చేయించి తిరిగి అప్పగించే ఆర్డరు కూడా ట్రైబ్యునల్ ఇవ్వొచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మెలిక అంతా ఆ "షరతు" అనే మాటలో ఉంది. మా పిన్ని దస్తావేజు తీసి వంటగట్టు మీద పెట్టి నేనూ మా చెల్లీ లైను లైనూ వేలు పెట్టి చదివాం. మొదటి పేజీ సరిహద్దులు, రెండో పేజీ కొలతలు, మూడో పేజీ మొత్తం "ప్రేమాభిమానములతో" అనే పాత పాటే. నాలుగో పేజీలో, సాక్షుల సంతకాల పైన, దస్తావేజు రాసినాయన అలవాటుగా కొట్టిన ఒక ముక్క ఉంది: "నా జీవితాంతము అన్నవస్త్రములకు లోటు లేకుండా చూచుకొనునట్లు". రాయించుకునే రోజు ఆ ముక్క ఎవరూ చదవలేదు, పిన్ని అసలే చదవలేదు, వేలిముద్ర వేసింది అంతే. ఆ ఒక్క లైను మా అర్జీని నిలబెట్టింది. ఇల్లు వెనక్కి తీసుకోవడం దాకా పోలేదు. నోటీసు చూసి కొడుకే దిగొచ్చాడు, నెలకింత అని రాసుకున్నారు, వంటింటి తాళం తీశాడు. ప్రేమగా తీశాడని నేను చెప్పను.

కాబట్టి ఇంకా రాయనివాళ్లు ఉంటే రెండు దారులు చూసుకోండి. గిఫ్ట్ డీడ్ రాస్తే ఆ రోజే ఆస్తి చెయ్యి దాటిపోతుంది, రాసి తీరాలంటే షరతు స్పష్టంగా రాయించండి, ఆ ఇంట్లో మీరు ఉండే హక్కు కూడా. వీలునామా అయితే పోయేదాకా మీదే, మనసు మారితే మార్చుకోవచ్చు. పిల్లలు మంచివాళ్లే అయినా నేను వీలునామానే అంటాను. మంచివాళ్లయితే ఆగడానికి వాళ్లకేం నష్టం?

వృద్ధాశ్రమం ఎవరూ లేనివాళ్లకి, లేదా ఇంట్లో ఉండటమే ప్రమాదమైనవాళ్లకి. ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాల గురించి 14567కి చేస్తే చెప్తారు, లేదా విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో అడగండి. డబ్బు కట్టే హోములైతే ఆనందపురం, భీమిలి రోడ్డు వైపు బోలెడు పుట్టుకొచ్చాయి. చూడ్డానికి పగలు కాదు, సాయంత్రం ఏడున్నరకి చెప్పకుండా వెళ్లండి. భోజనాల వేళ ఎంతమంది మనుషులు పని చేస్తున్నారో, మంచం మీద ఉన్నవాళ్లకి అన్నం ఎవరు తినిపిస్తున్నారో, రాత్రి డ్యూటీకి ఎవరు ఉంటారో అప్పుడు కనబడుతుంది. డిపాజిట్ తిరిగి ఇస్తారా, మనిషి కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో చేరితే ఆ రోజులకి కూడా ఫీజు తీసుకుంటారా, ఈ రెండూ రాతలో అడగండి.

పిల్లల సంగతి

మా అపార్టుమెంటులో మెట్లు కడిగే ఆవిడ కూతురు చనిపోయింది, అల్లుడు ఎక్కడున్నాడో తెలియదు. "గుంటలిద్దరూ నా కాడే ఉన్నారు బాబూ, ఎవరో ఆశ్రమంలో ఏసీమంటన్నారు" అంది ఒకరోజు బకెట్ పక్కన పెట్టి. ఈ "ఎవరో" ప్రతి వీధిలోనూ ఉంటారు. చూసుకునే అమ్మమ్మ ఉన్నప్పుడు ఆశ్రమం ఆఖరి మాట, మొదటి మాట కాదు.

మొదట చూడాల్సింది మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. తల్లి వితంతువో భర్త వదిలేసినావిడో అయినా, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా, తల్లో తండ్రో ప్రాణాంతక జబ్బుతో ఉన్నా ఒక్కో పిల్లకి నెలకు 4,000 ఇస్తారు. సిటీలో ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, అంగన్‌వాడీ టీచర్‌ని అడిగినా దారి చెప్తుంది. డెత్ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోండి. మంజూరు చేసేది కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ, కాబట్టి వారంలో డబ్బు పడుతుందని ఆశపడకండి, స్కూలు ఫీజుకి దీన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

రెండోది హాస్టలు. పిల్లలకి ఇల్లుంది, చదువుకి, తిండికి ఇబ్బంది అంటే సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్లు, గురుకులాలు, ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. సెలవులకి ఇంటికి రావొచ్చు, ఎవరి పిల్ల వాళ్ల పిల్లే. మూడోది బాలల సంరక్షణ గృహం, మనం మామూలుగా ఆశ్రమం అనేది. అందులో చేర్చడానికి నిర్వాహకుడి మాట సరిపోదు, బాలల సంక్షేమ కమిటీ ఆర్డరు కావాలి. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, మేజిస్ట్రేటు బెంచికి ఉండే అధికారాలు. దిక్కులేని పిల్లాడు ఎవరికి దొరికినా 24 గంటల్లో ఆ కమిటీ ముందు పెట్టాలి. "మాకు కమిటీతో పని లేదు, పిల్లని తీసుకొచ్చి వదిలేయండి" అనే ఆశ్రమం ఏదైనా ఉంటే అక్కణ్నుంచి వెంటనే వచ్చేయండి, వచ్చాక 1098కి ఫోన్ చేయండి.

దత్తత గురించి రెండు ముక్కలు. బంధువుల్లో పిల్లని తెచ్చుకోవడం, హిందువులకి 1956 చట్టం కింద దత్తత దస్తావేజుతో అవుతుంది. బయటి పిల్ల అయితే కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి, వరసలో ఏళ్లు పడుతుంది, ఆర్డరు ఇచ్చేది 2022 నుంచి కలెక్టరు. భార్యాభర్తల వయసు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డని ఇవ్వరు, కాబట్టి నలభై దాటినవాళ్లు "చూద్దాంలే" అనకండి. ఆసుపత్రిలో నర్సు ద్వారా, మధ్యవర్తి ద్వారా వచ్చే బిడ్డ దత్తత కాదు, అమ్మకం, అయిదేళ్ల దాకా జైలు. పెంచలేని తల్లి బిడ్డని బాలల సంక్షేమ కమిటీకే అప్పగించొచ్చు, మనసు మార్చుకోవడానికి ఆమెకి 60 రోజులుంటాయి. ఈ 60 రోజుల సంగతి ఆ తల్లికి ఏ మధ్యవర్తీ చెప్పడు.

ఇక చిన్నపిల్లలకి అంగన్‌వాడీయా ప్లేస్కూలా. మూడేళ్లలోపు అయితే పోటీయే లేదు, బాలామృతం, గుడ్లు, పాలు, బరువు చూడటం, టీకాలు, ఇవి ప్లేస్కూలు ఇవ్వదు. ప్లేస్కూల్లో చేర్చినా అంగన్‌వాడీలో పేరు ఉంచండి. మూడు దాటాక టీచర్ని బట్టి ఉంటుంది, ఒక పొద్దున్న వెళ్లి చూస్తే తెలిసిపోతుంది, పిల్లలు పాట పాడుతున్నారా, గోడకి ఆనుకుని కునుకుతున్నారా అని. అసలు చిక్కు టైము. దువ్వాడ సెజ్‌లో షిఫ్టు చేసే తల్లికి అంగన్‌వాడీ వేళలు సరిపోవు. ఇలాంటివాళ్లు ముందు కంపెనీనే అడగాలి. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. హెచ్ఆర్‌ని ఒక్కరే అడిగితే నవ్వి పంపిస్తారు, పదిమంది కలిసి కాగితం మీద అడగండి.

ఇంట్లో కొడుతుంటే: కేసా, ఆర్డరా

ఆడవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. "కేసు పెడితే ఆయన జైలుకెళ్తాడు, పిల్లల గతేంటి" అని. రెండు వేర్వేరు దారులున్నాయని తెలియక వచ్చే టెన్షన్ ఇది. ఒకటి స్టేషన్‌లో క్రిమినల్ కేసు, అది భర్తకి శిక్ష పడటానికి. రెండోది 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర అర్జీ, అది ఆవిడకి రక్షణ కోసం: ఇంట్లోంచి గెంటేయకూడదని, దగ్గరికి రాకూడదని, నెల ఖర్చు ఇవ్వాలని, పిల్లలు తల్లి దగ్గరే ఉండాలని ఆర్డర్లు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెది. భర్త ఆ ఆర్డరు దాటితేనే అది నేరమవుతుంది. గట్టి గాయాలు, చంపుతానన్న బెదిరింపు ఉంటే మొదటిది ఆలస్యం చేయకండి. ఏ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలి, "మా పరిధి కాదు" అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ రాసి బదిలీ చేయాలి. ఇంట్లోనే ఉండి తన్నులు మాత్రం ఆగాలి, ఖర్చులు రావాలి అనుకునేవాళ్లకి రెండోది. రెండూ కలిపి కూడా పెట్టొచ్చు.

ఆ రాత్రికి తలదాచుకోవాలంటే సఖి వన్ స్టాప్ సెంటర్. వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగు, అయిదు రోజుల దాకా బస, అన్నీ ఒకచోట. ఆడపిల్లలు ఏ వయసు వాళ్లయినా, మగపిల్లలు 12 ఏళ్ల దాకా తల్లితో ఉండొచ్చు. 181కి చేస్తే అక్కడికి పంపిస్తారు. అంతకన్నా ఎక్కువ రోజులకి శక్తి సదన్ అడగండి. లాయరు ఫీజు భయం పెట్టుకోకండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100.

పద్దెనిమిది దాటిన పిల్లలు, రోడ్డు మీద మనుషులు

మానసిక ఎదుగుదల లేని పిల్లలున్న తల్లిదండ్రులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పద్దెనిమిది నిండిన రోజు నుంచి చట్టం లెక్కలో మీరు వాళ్లకి గార్డియన్ కారు, బ్యాంకువాళ్లు మీ సంతకం ఒప్పుకోరు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ నాలుగింటికీ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. మీ తర్వాత ఎవరు అనేది కూడా అక్కడే ఆలోచించి పెట్టుకోవచ్చు. లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా కూడా వీళ్లకే. వీటన్నిటికీ, పింఛనుకీ ముందు వైకల్య సర్టిఫికెట్ కావాలి, 40 శాతం ఉంటేనే లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఆ సర్టిఫికెట్‌కి పరీక్ష చేసే సదరం శిబిరంలో స్లాట్‌తోనే మొదలుపెట్టండి.

బీచ్ రోడ్డులోనో రైల్వే స్టేషన్ దగ్గరో మతి చలించిన మనిషి తిరుగుతూ కనిపిస్తే అన్నం పొట్లం ఇచ్చి వచ్చేస్తాం. 112కి కూడా చేయండి. అలాంటివాళ్లని 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీద పెట్టింది, మనకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. బుద్ధి బాగానే ఉండి పడుకోవడానికి చోటు లేని మనిషైతే అది వేరు, వాళ్లకి జీవీఎంసీ నైట్ షెల్టరు. ఇంట్లోవాళ్లకే మనసు బాగోలేదంటే 14416 టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

మా మెట్లు కడిగే ఆవిడ కాగితాలు ఇచ్చి మూడు నెలలవుతోంది. ఆదాయ ధ్రువపత్రం వాట్సాప్‌లోనే వచ్చింది, స్కూలు సర్టిఫికెట్ హెడ్మాస్టరు గారు ఆ రోజే ఇచ్చారు, డెత్ సర్టిఫికెట్‌లో కూతురి పేరు స్పెల్లింగు ఆధార్‌తో కలవక నెల పోయింది. పిల్లలిద్దరూ సాయంత్రం మా సెల్లార్‌లో కూర్చుని హోంవర్కు చేసుకుంటారు. ఆశ్రమం మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు.